టేబుల్ డ్యూటీ

నలభై డబ్బాల భోజనం చెప్పమని సెక్షన్ చీఫ్ హసెబె పురమాయించినప్పుడు చిజురు చేతిలో టీ ట్రే ఉంది. ఎవరి కప్పు వాళ్ళ ముందు పెట్టుకుంటూ వస్తోంది. మిల్లు ఆఫీసులో చేరిన నాటి నుంచీ చేస్తున్న పని కాబట్టి చూడనక్కర లేదు. నీలం గీతల కప్పు లెక్కలు చూసే ముసలాయనది. మూత ఉన్నది హసెబెది.

"స్టేషన్ దగ్గరి కొట్టులోనే చెప్పు. పెళ్ళిళ్ళకీ వాటికీ సీబ్రీమ్ చేప పెట్టి ఇచ్చే డబ్బా ఉంటుంది చూడు, అది. డైరెక్టరు గారు వస్తున్నారు. ఊరగాయ మరీ ఉప్పగా ఉండకూడదని చెప్పు."

"ఎప్పటికండీ?"

"ఈ ఆదివారం కాదు, ఆ పై ఆదివారం. మధ్యాహ్నానికి. మీ జట్టు ముగింపు సభకే."

చిజురు అతని కప్పు దించింది. మూత చప్పుడు కాకుండా దించడం ఆమెకు అలవాటు. ఈసారి చిన్నగా చప్పుడైంది.

"ఆ ఆదివారం మాకు మ్యాచ్ ఉంటుందండీ. ఎల్లుండి గెలిస్తే."

"ఏ మ్యాచ్?" నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నట్టు హసెబె కనుబొమలు ముడిచాడు. "ఓ, మొదటి డివిజన్‌కి వెళ్ళడానికి ఆడేదా? అది ఆడం కదమ్మా. మీరు గెలిచినా ఆడబోమని లీగ్‌కి పోయిన వారమే చెప్పేశాం."

మినెగిషి స్పిన్నింగ్ మిల్లు అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టును ఈ మార్చి నెలాఖరుతో మూసేస్తారన్న సంగతి కొత్తది కాదు. డిసెంబరులోనే చెప్పారు. ఆ రోజు డైరెక్టరు స్వయంగా క్యాంటీన్‌లో నిలబడి, ఊరి విలేకరుల ఎదుట, "చివరిదాకా ఆడండి. రెండో డివిజన్ గెలిస్తే, మొదటి డివిజన్‌లో అడుగున ఉన్న జట్టుతో జరిగే మ్యాచ్ కూడా ఆడండి. కంపెనీ మీ వెనక ఉంది" అన్నాడు. ఆ మాట పట్టుకునే చలికాలమంతా గడిపారు. మొదటి డివిజన్‌లో చోటు సంపాదించుకున్న జట్టునైతే ఇంకో కంపెనీ ఏదైనా తీసుకుంటుంది. దక్షిణాన ఒక డిపార్ట్‌మెంట్ స్టోరు చేతులెత్తేసినప్పుడు దాని జట్టును మాంసం డబ్బాలు చేసే కంపెనీ ఒకటి తీసుకుంది. అమ్మాయిలు చొక్కాలు మార్చుకుని మళ్ళీ ఆడారు. రెండో డివిజన్‌లో మూతపడ్డ జట్టును మాత్రం ఇంతవరకూ ఎవరూ తీసుకోలేదు. అక్కడ మూతపడితే పడినట్టే.

"డైరెక్టరు గారు డిసెంబరులో అందరి ముందూ..."

"ఏదో ఆ పూటకి తగ్గట్టు అన్నారు. నువ్వు ఆఫీసులో పనిచేసేదానివి, నీకు వేరే చెప్పాలా? మొదటి డివిజన్‌కి ఎక్కించి మరీ మూసేస్తే పేపర్లు ఊరుకుంటాయా? ఇప్పుడైతే ఓ మూల నాలుగు పంక్తుల్లో పోతుంది." హసెబె మూత తీసి ఆవిరి ఊదాడు. "పిల్లలకి చెప్పకు. శనివారం సరదాగా ఆడుకోనీ. డబ్బాలు మర్చిపోకు."

చిజురు ట్రేలో మిగిలిన కప్పులన్నీ పంచి, తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని ఫోను తీసింది. కొట్టు యజమానురాలు హుషారైన మనిషి.

"నలభై సీబ్రీమ్ డబ్బాలా! ఏంటి, పెళ్ళా? ఎర్ర కాగితం చుట్టి పంపమంటారా?"

"చుట్టండి," అంది చిజురు. "శుభకార్యమే."

*

మిల్లు వెనక ఉన్న జిమ్‌లో హీటరు పెట్టి గంటయినా నేల చల్లగానే ఉంది. చిజురు గుమ్మం దగ్గర బూట్లు మార్చుకుని, కోర్టుకి తలవంచి లోపలికి వెళ్ళింది. కోచ్ తమియ బెంచీ మీద కూర్చుని బంతుల్లో గాలి చూస్తున్నాడు. ఒక్కొక్క దాన్నీ భుజం ఎత్తు నుంచి వదిలి, నడుము దాకా లేస్తోందో లేదో చూసి పక్కన పెడుతున్నాడు.

"మీకు తెలుసు కదా," అంది చిజురు.

తమియ ఏమిటని అడగలేదు. చేతిలో బంతి వదల్లేదు. అది చాలు ఆమెకు.

"ఎప్పటి నుంచి?"

"పోయిన వారం నుంచి."

"మరి నిన్న ఆ చిన్న పిల్ల మాకి, మొదటి డివిజన్ అమ్మాయిల ఎత్తు ఎంతుంటుందని అడిగితే, నవ్వుతూ చెప్పారే!"

"ఏం చెప్పమంటావ్?" తమియ గొంతు తగ్గించాడు. అమ్మాయిలు ఇంకా రాలేదు. అయినా తగ్గించాడు. "నాకు గోడౌన్‌లో సూపర్‌వైజరు పని ఇస్తున్నారు. కూతురింకా హైస్కూల్లోనే ఉంది. ఇదంతా నీకు తెలుసు."

చిజురు నడుం వంచి మడమకి టేపు చుట్టుకోవడం మొదలుపెట్టింది. కింద నుంచి పైకి, పైనుంచి అడ్డంగా. రోజూ సమంగా పడే టేపు ఇవాళ ముడతలు పడుతోంది. పీకేసి మళ్ళీ చుట్టింది.

"నేను చెప్పేస్తాను వాళ్ళకి. ఇవాళే."

"శనివారం అయ్యాక చెప్పు." తమియ ఆమె పక్కకి జరిగాడు. "విను చిజురూ. నేను బ్యాంకు జట్టులో ఆడేవాణ్ణి కదా, ఇదే రెండో డివిజన్‌లో, మగవాళ్ళ దాంట్లో. మమ్మల్ని మూసేసేటప్పుడు ఆఖరి మ్యాచ్‌కి ముందే చెప్పేశారు. మర్యాదస్తులు మరి. ముప్ఫై పాయింట్ల తేడాతో ఓడాం. ఓడింది కాదు నా బాధ. ఎవడూ పరిగెత్తలేదు. నేనూ పరిగెత్తలేదు. అది ఇప్పటికీ కల్లోకి వస్తుంది. ఈ పిల్లల్ని ఒక్క మ్యాచ్ మామూలుగా ఆడనీ. గెలిచో ఓడో రానీ. తర్వాత నన్ను తిట్టుకో, ఏమైనా చెయ్యి."

తలుపు దగ్గర నవ్వులు వినబడ్డాయి. మాకి ముందు వచ్చింది. జట్టులో అందరికన్నా పొడుగు, అందరికన్నా చిన్నది. వెనకే వైస్ కెప్టెన్ సుమికో, స్కార్ఫు మీద మంచు దులుపుకుంటూ.

"చిజురు అక్కా! ఈ మాకి ఏమంటోందో విన్నావా? మొదటి డివిజన్‌కి వెళితే వంటగదిలో చెప్పి రోజూ రెండో గిన్నె అన్నం పెట్టించాలట."

"నిజమే కదక్కా, అక్కడ అందరూ నా అంత పొడుగుంటారట! ఆకలితో ఎలా ఎగురుతా?"

చిజురు టేపు కొస తెంచి నొక్కింది. తమియ వైపు చూడలేదు.

"ముందు శనివారం ఎగురు," అంది.

*

శనివారం నగరంలోని జిమ్‌లో అసాహినా పేపర్ మిల్లు జట్టుతో ఆట. ఎవరు గెలిస్తే వాళ్ళు రెండో డివిజన్ విజేతలు. బయట రోడ్ల మీద మంచు కరగడానికి గొట్టాల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. లోపల మిల్లు తరఫున బస్సుల్లో తెచ్చిన ఉద్యోగులు ప్లాస్టిక్ బాకాలు ఒకదానితో ఒకటి కొడుతున్నారు. సెలవు రోజున రమ్మంటే వచ్చినవాళ్ళు. కొందరు బాకా మీద చెంప ఆనించి నిద్రపోతున్నారు.

అసాహినా కెప్టెన్ మురకొషి చిజురు ఈడుదే. ఇద్దరూ చేరిన కొత్తలో రెండో డివిజన్ ప్రోగ్రాం పుస్తకం లావుగా ఉండేది. బ్యాంకులు, స్టోర్లు, నూలు మిల్లులు, అద్దాల ఫ్యాక్టరీ. ఏటా కొన్ని పేర్లు పోతూ వచ్చాయి. ఇప్పుడది స్టేపిల్ కూడా అక్కర్లేని ఒక్క మడత కాగితం. అందరూ పోయి వీళ్ళిద్దరూ మిగిలారు, ఒకళ్ళ డొక్కలో ఒకళ్ళు మోచేతులు పొడుచుకోవడానికి.

"ఏంటి సవాతరీ, ఇవాళ మొహం మాడ్చుకున్నావ్?" మురకొషి ఇంటిపేరు పెట్టి పిలుస్తూ ఆమె పక్కకి వచ్చి నిలబడింది. "మోకాలా? వయసా?"

"నీ నోరు."

"అదింకా బాగానే పనిచేస్తోంది."

ఆట మొదలయ్యాక చిజురు ఏమీ ఆలోచించలేదు. బంతి ఉన్నంతసేపు ఆలోచన ఉండదు. విజిల్ పడ్డప్పుడు మాత్రం, చెమట తుడుచుకునే ఆ కాస్త సేపట్లో, ఎర్ర కాగితం చుట్టిన నలభై డబ్బాలు కళ్ళ ముందుకు వచ్చేవి. అప్పుడు ఒళ్ళు మండేది. ఆ మంటతోనే మళ్ళీ పరిగెత్తేది. రెండో సగంలో ఆమె ఎన్నడూ లేనంత గట్టిగా అడ్డుకుంది. మురకొషి రెండుసార్లు కిందపడి, "ఏమైందే నీకు!" అని నిజంగా ఆశ్చర్యపోయింది. చివర్లో స్కోరు సమానంగా ఉండగా చిజురు బుట్ట కింది గీత దాకా చొచ్చుకుపోయి, ముగ్గురు మీద పడుతుంటే, చూడకుండానే బంతి వెనక్కి వేసింది. అక్కడ మాకి ఉంటుందని తెలుసు. మాకి ఉంది. బంతి బోర్డుకి తగిలి, కడ్డీ మీద ఒక్క క్షణం ఆగి, లోపల పడింది.

బజర్ మోగింది. నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి బాకాలు కొట్టారు.

సుమికో వచ్చి ఆమె మెడకు చుట్టుకుంది. మీద మాకి, ఆ మీద మిగతావాళ్ళు. ఎవరి కన్నీళ్ళో చిజురు మెడ మీద వెచ్చగా కారుతున్నాయి. "పై ఆదివారం! పై ఆదివారం!" అని మాకి కేక పెడుతోంది. చిజురు చెయ్యి సుమికో వీపు మీద ఉంది. ఆ వీపు తట్టింది. ఇంకేం చెయ్యాలో తెలియక మళ్ళీ తట్టింది.

కప్పు అందుకోవడానికి కెప్టెన్‌గా ఆమే వెళ్ళింది. కప్పు చిన్నదే. దాని కాళ్ళకి గుత్తిగా కట్టిన రిబ్బన్లే బరువు. ఏటా గెలిచిన జట్టు పేరు రిబ్బను మీద రాసి కడతారు. పాతవి వెలిసి టీ రంగుకి తిరిగాయి. చేతుల్లోకి తీసుకోగానే అవి ఆమె మణికట్టు మీద పడ్డాయి. ఒక బ్యాంకు. ఒక అద్దాల ఫ్యాక్టరీ. వరసగా మూడేళ్ళు ఒకే స్టోరు. ఆ పేర్లలో ఒక్క జట్టూ ఇప్పుడు లేదు. బెంచీ దగ్గర తమియ చప్పట్లు కొడుతూ నేలకేసి చూస్తున్నాడు.

*

హాస్టల్ స్నానాల గదిలో, అందరూ వేడి నీళ్ళ తొట్టిలో మెడ దాకా మునిగి ఉన్నప్పుడు చెప్పింది. అంతకన్నా ఆపలేకపోయింది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. మాకి ఇంకా నవ్వుతూనే ఉంది.

"ఆడం అంటే? గెలిచాం కదక్కా?"

"గెలిచినా ఆడం. కంపెనీ ముందే తప్పుకుంది. ఆ రోజు ముగింపు సభ. భోజనాలు నేనే చెప్పాను."

సుమికో నీళ్ళలోంచి లేచి నిలబడింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"గురువారం."

"గురువారం." సుమికో ఆ మాటను నోట్లో తిప్పుకుంది. "అంటే మేం నీ మీద పడి ఏడుస్తుంటే, నువ్వు అన్నీ తెలిసే నా వీపు తట్టావు."

"సుమికో, కోచ్ ఏమన్నాడంటే..."

"కోచ్ ఏమన్నాడో నాకెందుకు? ఆయన గోడౌన్‌కి పోతాడు. నువ్వు ఆఫీసులో టీ పోస్తావు. నేను ఏప్రిల్ నుంచి ఎక్కడుంటానో నాకు తెలియదు. కనీసం దేనికోసం పరిగెత్తుతున్నానో తెలిసి పరిగెత్తేదాన్ని కదా!"

"తెలిస్తే పరిగెత్తేదానివా?"

అడగకూడని ప్రశ్న అని అడిగాక తెలిసింది. సుమికో తువ్వాలు లాక్కుని తలుపు దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరగకుండానే అంది:

"మీరు అడిగి చూడాల్సింది, కెప్టెన్ గారూ."

పదేళ్ళుగా అక్కా అని తప్ప పిలవని మనిషి. మాకి మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, అంత పొడుగూ ముడుచుకుని, వెక్కి వెక్కి ఏడుస్తోంది. చిజురు ఆమె వీపు మీద చెయ్యి వెయ్యబోయి, వెనక్కి తీసుకుంది.

*

సోమవారం పొద్దున క్యాంటీన్ నోటీసు బోర్డు మీద కంపెనీ ప్రకటన అంటించారు. జట్టు విజయానికి అభినందనలు. ఆ కిందే: 'ఘన విజయంతోనే విరమించాలన్నది క్రీడాకారిణుల ఏకాభిప్రాయం. ఈ కోరికను కెప్టెన్ సవాతరి చిజురు కంపెనీకి తెలియజేయగా, కంపెనీ దానిని గౌరవించి, మొదటి డివిజన్ అర్హత పోటీ నుంచి తప్పుకుంది.'

చిజురు ఆఖరి వాక్యాన్ని రెండుసార్లు చదివింది. పక్కనుంచి సుమికో ట్రే పట్టుకుని వెళ్తూ, "కోరిక బాగా తెలియజేశారు కెప్టెన్ గారూ," అని ఆగకుండా వెళ్ళిపోయింది. స్పిన్నింగ్ షెడ్ ఆడవాళ్ళిద్దరు దగ్గరికి వచ్చి, "మంచి పని చేశారమ్మా, పై మ్యాచ్‌లో ఓడి పరువు పోగొట్టుకోవడం కన్నా ఇదే నయం," అన్నారు. వాళ్ళు మనస్ఫూర్తిగానే అన్నారు. అది మరీ తట్టుకోలేకపోయింది.

ఆఫీసులో హసెబె ఒక్కడే ఉన్నాడు. చిజురు టీ పెట్టలేదు. నేరుగా అతని బల్ల ముందుకి వెళ్ళి నిలబడింది.

"నేను ఎప్పుడు తెలియజేశానండీ?"

"కూర్చో."

"నిలబడే అడుగుతాను. నేను ఎప్పుడు తెలియజేశాను?"

"చూడమ్మా." హసెబె కుర్చీ వెనక్కి వాల్చాడు. కోపం లేదు అతనికి. కోపం వచ్చేటంత పెద్ద విషయంగా అతనికి అనిపించలేదు. "డైరెక్టరు గారు నలుగురిలో మాటిచ్చారు. ఆయన మాట తప్పారని రాయలేం కదా! మీరు వద్దన్నారంటే అందరికీ గౌరవంగా ఉంటుంది. మీకూ అంతే. లీగ్‌కీ అలాగే రాశాం. ఏప్రిల్ నుంచి నిన్ను ఈ ఆఫీసులోనే ఉంచమని నేనెంత చెప్పానో నీకు తెలుసా? మిగతా పిల్లల సంగతీ చూస్తున్నాం. ఇప్పుడు నువ్వు అడ్డం తిరిగితే వాళ్ళకే కష్టం."

"మమ్మల్ని ఎవరూ అడగలేదు."

"అడిగితే ఏమనేవారు?"

"ఆడతాం అనేవాళ్ళం."

"మరి అడిగి ప్రయోజనం ఏముంది?" అన్నాడు హసెబె, తేలిగ్గా.

బల్ల మీదున్న మూత కప్పు తీసి గోడకేసి కొట్టాలనిపించింది చిజురుకి. ఆ కప్పును పన్నెండేళ్ళు తానే కడిగింది. అప్పుడే ఆమె బల్ల మీద ఫోను మోగింది. ఫోను తియ్యడం ఆమె పని. వెళ్ళి తీసింది.

లీగ్ జిల్లా కార్యదర్శి ఉసామి. ముసలాయన, మెల్లగా మాట్లాడతాడు. "మీరు తప్పుకున్నారు కాబట్టి మీ బదులు అసాహినా వాళ్ళు ఆడతారమ్మా. అలాగే టేబుల్ డ్యూటీ అసాహినా వాళ్ళది మీకు వస్తుంది. నియమం తెలుసు కదా. ఎనిమిది మంది కావాలి. మీకేదో సభ ఉందని విన్నాను. మరి..."

రెండో డివిజన్‌లో ఆట నడిపేది ఆటగాళ్ళే. ఒక మ్యాచ్ ఆడనివాళ్ళు ఆ మ్యాచ్‌కి టేబుల్ దగ్గర కూర్చుంటారు. స్కోరు రాస్తారు, గడియారం తిప్పుతారు, మైకులో పేర్లు చదువుతారు, చెమట పడితే నేల తుడుస్తారు. లీగ్ పుట్టినప్పటి నుంచీ అంతే. వేరే మనుషుల్ని పెట్టే స్తోమత దానికి ఎన్నడూ లేదు. అయితే హసెబె ఒక్క మ్యాచ్ కూడా చివరిదాకా చూసిన మనిషి కాదు. టేబుల్ దగ్గర కూర్చునేవాళ్ళు ఎక్కడి నుంచో వచ్చే లీగ్ ఉద్యోగులనే అతని నమ్మకం. మ్యాచ్ నుంచి తప్పుకుంటున్నట్టు రాసినవాడు టేబుల్ నుంచి తప్పుకుంటున్నట్టు రాయలేదు.

"అలాగేనండీ," అంది చిజురు. "ఎనిమిది మందిమీ వస్తాం."

"ఎవరు?" అన్నాడు హసెబె.

"లీగ్ ఆఫీసు. చిన్న పని ఉందట."

అతను తలూపి పేపరు విప్పుకున్నాడు.

ఆ సాయంత్రం హాస్టల్‌లో భోజనాల దగ్గర చెప్పింది. ఎవరూ తలెత్తలేదు.

"ఆదివారం సభకి వెళ్ళడం లేదు. మనకి టేబుల్ డ్యూటీ ఉంది. మొదటి రైలుకి బయల్దేరాలి."

సుమికో ఊరగాయ ముక్క నెమ్మదిగా నమిలి మింగింది. "కంపెనీకి తెలియజేశారా, కెప్టెన్ గారూ?"

"లేదు."

"అంటే మనం ఆడాల్సిన మ్యాచ్‌లో మనమే నేల తుడవాలి," అంది మాకి. నాలుగు రోజుల ముందు రెండో గిన్నె అన్నం గురించి జోకులు వేసిన పిల్లేనా అనిపించేలా ఉంది గొంతు.

"అవును. తుడవాలి."

"ఎందుకక్కా?"

"ఆ సభలో కూర్చుని ఆ చేప తినలేను," అంది చిజురు. "ఇష్టం లేనివాళ్ళు రానక్కర్లేదు."

చివరికి మాకి ముక్కు తుడుచుకుని, "అయితే మాప్ నేను పడతా. ఇంత పొడుగున్నదాన్ని, అందరికీ కనబడతా," అంది. ఎవరో ఫక్కున నవ్వి ఆపుకున్నారు. సుమికో గిన్నె తీసుకుని లేచింది. వస్తానని గానీ రానని గానీ అనలేదు.

*

ఆదివారం పొద్దున స్టేషన్‌లో ఎనిమిది మందీ ఉన్నారు. సుమికో రైల్లో వేరే పెట్టెలో కూర్చుంది.

జిమ్‌లో పని మొదలయ్యాక మాట్లాడుకోవాల్సిన అవసరం రాలేదు. టేబుల్ మీద గుడ్డ పరిచారు. బజర్ సరిచూశారు. మాకి ఇంకో ఇద్దరితో కలిసి మాప్ పట్టుకుని కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది, గీత తప్పకుండా. గడియారం సుమికోది, ఎప్పుడూ ఆమెదే. మైకు కెప్టెన్‌ది. రెండు కుర్చీలూ పక్కపక్కనే. సుమికో కూర్చుని, గడియారం నడిపి, ఆపి, మళ్ళీ సున్నాకి తెచ్చింది. పక్కకి చూడలేదు.

మెట్ల మీద జనం నిండుతున్నారు. మొదటి డివిజన్ జట్టు వాళ్ళ కంపెనీ మనుషులు ఒకవైపు, అసాహినా మిల్లు మనుషులు ఎదురువైపు. మిల్లు ట్రాక్‌సూట్లు వేసుకుని టేబుల్ దగ్గర కూర్చున్న ఎనిమిది మందిని రెండు వైపుల వాళ్ళూ చూసి ఏదో అనుకుంటున్నారు. అర్థమవుతూనే ఉంది ఏమనుకుంటున్నారో.

మురకొషి వార్మప్ మధ్యలో బంతి చంకన పెట్టుకుని వచ్చింది. ఎప్పటి వేళాకోళం మొహంలో లేదు.

"గెలిచినవాళ్ళు వద్దంటే ఆడుతున్నాం. ఎంగిలి ఆకులో అన్నంలా ఉంది నాకు. నువ్విలాంటిదానివని అనుకోలేదే."

"మురకొషీ..."

"ఘన విజయంతో విరమించారట! పన్నెండేళ్ళు నా డొక్కలో పొడిచి పొడిచి, తీరా పెద్దవాళ్ళతో ఆడాల్సి వచ్చేసరికి బల్ల వెనక దాక్కున్నావ్. పాపం ఆ పొడుగు పిల్ల చేత మాప్ పట్టించావు చూడు, సిగ్గుగా లేదూ?"

టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్ళు ఆడేవాళ్ళతో వాదించకూడదు. చిజురు మైకు తీగ సరిచేసింది. సుమికో కళ్ళు గడియారం మీదే ఉన్నాయి. చెవులు మాత్రం ఇటే.

ఉసామి వచ్చి ఒక కాగితం ఇచ్చాడు. "మొదట ఇది చదివి, తర్వాత పేర్లు చదువమ్మా." ఎప్పుడూ ఉండే నాలుగు ముక్కలే. ఏ ఏ జట్ల మధ్య పోటీ, ఎక్కడ, ఎవరి నిర్వహణ. ఆ మధ్యలో ఒక వాక్యం: 'రెండో డివిజన్ విజేత మినెగిషి స్పిన్నింగ్ జట్టు, క్రీడాకారిణుల ఏకాభిప్రాయం మేరకు తప్పుకున్నందున...' 

చిజురు కాగితాన్ని టేబుల్ మీద పెట్టి అంచులు సరిచేసింది. అంటే ఇది తానే చదవాలి. తన నోటితో.

జిమ్ ఆఫీసు మనిషి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "సవాతరి గారెవరండీ? మీ కంపెనీ నుంచి ఫోను. హసెబె గారట. అరుస్తున్నారు. అక్కడ డైరెక్టరు గారు వచ్చి కూర్చున్నారట, భోజనాలు కూడా వచ్చేశాయట."

"టేబుల్ దగ్గరున్నవాళ్ళు మ్యాచ్ అయ్యేదాకా లేవకూడదని చెప్పండి," అంది చిజురు. "లీగ్ నియమం."

"అలాగే చెప్పమంటారా?"

"అలాగే చెప్పండి. ఊరగాయలో ఉప్పు తగ్గించమన్నానని కూడా చెప్పండి."

పక్క కుర్చీలో సుమికో ముక్కుతో గట్టిగా గాలి వదిలింది. నవ్వో కాదో తెలియలేదు.

రెండు జట్లూ వరసగా నిలబడ్డాయి. రిఫరీ టేబుల్ వైపు చూసి చెయ్యెత్తాడు. చిజురు మైకు మీట నొక్కింది. లోపల ఎంత మండుతోందో గొంతులో తెలియకూడదని పట్టుదలగా అనుకుంది. మ్యాచ్ రోజుల్లో పేర్లు చదివే గొంతు, హెచ్చూ తగ్గూ లేనిది, అదే గొంతుతో మొదలుపెట్టింది.

"ప్రేక్షకులకు నమస్కారం. ఇప్పుడు జరగబోయేది మొదటి డివిజన్ అర్హత పోటీ. రెండో డివిజన్ విజేత మినెగిషి స్పిన్నింగ్ జట్టు." ఒక్క క్షణం ఆగింది. కాగితం మీది నుంచి కళ్ళెత్తింది. "ఈ మ్యాచ్ ఆడాలని ఆ జట్టులో ప్రతి ఒక్కరూ కోరుకున్నారు. కంపెనీ వద్దంది. క్రీడాకారిణులను ఎవరూ అడగలేదు. కెప్టెన్ ఎవరికీ ఏ కోరికా తెలియజేయలేదు. అందువల్ల, రెండో స్థానం పొందిన అసాహినా పేపర్ జట్టు వారి బదులు ఆడుతోంది."

మీట వదిలింది. టక్కుమన్న చప్పుడు స్పీకర్లలో వినిపించింది.

ఉసామి కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు. ఆమె వైపు చెయ్యి చాచాడు, మైకు కోసమో, కాగితం కోసమో. కాసేపు ఆ చెయ్యి గాలిలోనే ఉంది. తర్వాత దించి, మెల్లగా కూర్చుని, కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. బోర్డు కింద మాకి మాప్ కర్ర నిటారుగా పట్టుకుని, కాపలా నిలబడ్డట్టు నిలబడింది. వరసలో ఉన్న మురకొషి టేబుల్ వైపే చూస్తోంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఆ నోటి నుంచి మాట రాకపోవడం చిజురు ఎన్నడూ చూడలేదు.

ఈ వైపు మెట్ల మీద ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆపేశారు. ఎదురువైపు అసాహినా మిల్లు వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు: ఏమంది, ఏమంది? బాకాల గోలలో వాళ్ళకు సరిగా అందలేదు. రేపు పొద్దున ఆ మిల్లులో, ఈ మిల్లులో, మిగిలిన ప్రతి మిల్లులో చెప్పుకునేది వాళ్ళే. రేపు పొద్దున ఆ మూత కప్పు ముందు నిలబడాల్సింది తాను. చిజురు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఇక పేర్లు చదవాలి. కాగితం తిప్పింది.

మైకు ఆమె ముందుకి జరిగింది. సుమికో చెయ్యి దాని కాడ మీద ఉంది. మరో చెయ్యి గడియారం మీట మీదే ఉంది, అది ఇంకా నొక్కలేదు. రిఫరీ బంతి పట్టుకుని ఎదురు చూస్తున్నాడు.

"ఇంకోసారి చదువక్కా," అంది సుమికో. "అటువైపు వాళ్ళకి వినపడలేదు."